ముందు ఆ పావు అంగుళం సంగతి చూడండి

ప్రశ్న: అక్కా, మా ఇంట్లో మామూలు కుట్టు మిషన్ ఉంది. అంచులు మడిచి కుట్టడం, చిరిగినవి బాగుచేయడం, దిండు గలీబులు కుట్టడం వచ్చు. ఇంట్లో మిగిలిన నూలు గుడ్డలతో మంచానికి సరిపడా క్విల్ట్, అంటే ముక్కలు అతికిన బొంత, కుడదామని 5 అంగుళాల చదరపు ముక్కలు కత్తిరించి, వరుసకు 12 చొప్పున 14 వరుసలు కుట్టాను. ఒక వరుసకీ ఇంకో వరుసకీ అంగుళానికి పైగా తేడా వచ్చింది. మూలలు ఎక్కడా కలవడం లేదు. సరే చూద్దామని నాలుగు వరుసలు కలిపి, కింద దూది పొర, దాని కింద గుడ్డ పెట్టి కుడితే వెనకవైపంతా ముడతలు పడింది. మూడు నెలలుగా మూటగట్టి పక్కన పెట్టేశాను. దీనికి వేరే మిషన్ కొనాలా? ‘బొంత అంటే చేత్తో కుట్టాలి, మిషన్ మీద కుట్టేది బొంతేనా’ అని మా అత్తయ్య అంటున్నారు. నేను ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం: ఆ మూట విప్పండి, కానీ ఇప్పుడే ఏదీ ఊడదీయకండి. ఆ వరుసల్ని ఎలా నిలబెట్టుకోవచ్చో చివర్లో చెబుతాను. ముందు మీ మిషన్ మీద పడ్డ నింద తీసేయాలి.

క్విల్ట్‌కి కావలసింది ఒక్క తిన్నని కుట్టు. జిగ్‌జాగ్ అక్కర్లేదు, పూల కుట్లు అక్కర్లేదు. కాలితో తొక్కే పాత మిషనైనా దారం తెగకుండా నిలకడగా కుడితే చాలు. తిన్నని కుట్టు మాత్రమే వేసే పాత మిషన్లలో సూది దిగే రంధ్రం చిన్నగా, గుండ్రంగా ఉంటుంది. జిగ్‌జాగ్ మిషన్లలో అది అడ్డంగా వెడల్పుగా ఉంటుంది కాబట్టి కుట్టు మొదలుపెట్టేటప్పుడు గుడ్డ మూల అందులోకి దిగి ఇరుక్కుంటుంది. అంటే ముక్కలు అతికే పనికి పాత మిషనే ఒక రకంగా మేలు. ఇంటి మిషన్‌తో ఉన్న అసలు ఇబ్బంది ఒకటే, సూదికీ కుడిపక్క స్తంభానికీ మధ్య ఉన్న జాగా. చాలా మిషన్లలో అది 6 నుంచి 8 అంగుళాలు. మంచమంత బొంతని చుట్టచుట్టి ఆ సందులోంచి పంపాలంటే చేతులు పడిపోతాయి. కొత్తవాళ్ళు మంచం బొంతతో మొదలుపెట్టకూడదని నేను గట్టిగా చెప్పేది అందుకే. కొత్త మిషన్ కొనకండి. ఆ డబ్బుతో మంచి స్కేలు, కొత్త సూదులు, ఒక వాకింగ్ ఫుట్ (పైపొరని కూడా నడిపించే పాదం) కొనుక్కోండి.

అత్తయ్యగారి మాటలో కొంత నిజం ఉంది. చేతికుట్టు పడిన చోట గుడ్డ మెత్తగా ఒదిగినట్టు మిషన్ కుట్టు పడిన చోట ఒదగదు. అంతమాత్రాన మిషన్ బొంత బొంత కాకుండా పోదు. ఈ పేచీ చాలా పాతది, క్విల్టింగ్ పోటీల్లో కూడా నడిచింది. 1989లో అమెరికాలో, కెంటకీ రాష్ట్రంలోని పడూకాలో జరిగిన అమెరికన్ క్విల్టర్స్ సొసైటీ ప్రదర్శనలో అన్నిటికంటే ఉత్తమం అన్న బహుమతి కారిల్ బ్రయర్ ఫాలెర్ట్ కుట్టిన ‘కరోనా 2: సోలార్ ఎక్లిప్స్’కి దక్కింది. అది మిషన్ మీద కుట్టింది. మిషన్ క్విల్టింగ్‌కి ఆ బహుమతి రావడం అదే మొదటిసారి. మూడు పొరలు, వాటిని పట్టి ఉంచే కుట్టు ఉంటే అది బొంతే, ఆ కుట్టు చేత్తో వేసినా మిషన్‌తో వేసినా.

ఇక అసలు పని. మీ ఉత్తరంలో రెండు వేర్వేరు తప్పులు కలిసిపోయి ఉన్నాయి. వరుసలు సమానంగా రాకపోవడం ముక్కలు అతకడంలో వచ్చిన తప్పు. వెనక ముడతలు పడటం పొరల్ని కూర్చడంలో వచ్చిన తప్పు. మొదటిదానికీ రెండోదానికీ సంబంధం లేదు.

మీ కొలతలే తీసుకుందాం. 5 అంగుళాల ముక్కలు 12, వాటి మధ్య 11 అతుకులు. క్విల్టింగ్‌లో అతుకు కోసం విడిచే మార్జిన్ పావు అంగుళం. ప్రతి అతుకులోకీ రెండు ముక్కల నుంచీ పావు చొప్పున అర అంగుళం పోతుంది కాబట్టి మీ వరుస 54½ అంగుళాలు రావాలి. మీ కుట్టు పావు దగ్గర కాకుండా ఒక వీసం పక్కకు పడిందనుకోండి. వీసం అంటే అంగుళంలో 16వ వంతు, ఒకటిన్నర మిల్లీమీటరు, కంటికి ఆనదు. కానీ అతుకుకి రెండు వైపులా కలిపి 1/8 అంగుళం అవుతుంది. 11 అతుకులకు అంగుళం పైన 3/8. మీరు రాసిన ‘అంగుళానికి పైగా’ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో చూశారా? ఒక రోజు కుట్టిన వరుసలో వీసం ఎక్కువ పడింది, ఇంకో రోజు వరుసలో సరిగ్గా పడింది, అంతే. బట్టలు కుట్టడంలో ఆ వీసం ఎవరికీ పట్టదు, ఒంటి మీద సర్దుకుపోతుంది. బొంతలో అది ఎక్కడికీ పోదు, ప్రతి అతుకు దగ్గరా పోగుపడుతూ వస్తుంది.

అందుకని బొంత సంగతి పక్కన పెట్టి ఇవాళ ఒక్క పరీక్ష చేయండి. అరగంట పని. పనికిరాని నూలు గుడ్డలోంచి ఒకటిన్నర అంగుళాల వెడల్పు, 6 అంగుళాల పొడవు ఉన్న పట్టీలు మూడు కత్తిరించండి. మూడింటినీ పొడవు వైపున పక్కపక్కన అతకండి. అతుకుల్ని ఇస్త్రీతో ఒక పక్కకి నొక్కండి. ఇప్పుడు మధ్య పట్టీ మీద స్కేలు పెట్టి చూడండి. అది సరిగ్గా 1 అంగుళం ఉండాలి, మొత్తం వెడల్పు మూడున్నర ఉండాలి. మధ్య పట్టీ అంగుళం కంటే సన్నగా ఉంటే మీరు మార్జిన్ ఎక్కువ తీసుకుంటున్నారు, వెడల్పుగా ఉంటే తక్కువ తీసుకుంటున్నారు. మీ మిషన్ పావు అంగుళం ఎక్కడ ఉందో చెప్పేది ఈ పట్టీయే. మిషన్ ప్లేటు మీద చెక్కిన గీతల్ని గానీ, ప్రెజర్ ఫుట్ (గుడ్డని అదిమిపట్టే పాదం) అంచుని గానీ నమ్మకండి. మామూలు ఫుట్ అంచుకీ సూదికీ మధ్య దూరం చాలా మిషన్లలో పావు కంటే ఎక్కువ.

ఆ గుర్తు మీరే పెట్టుకోవాలి. స్కేలుని ఫుట్ కింద పెట్టి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ సూది మొన సరిగ్గా పావు అంగుళం గీత మీద ఆనేలా దించండి. స్కేలు కుడి అంచు ఎక్కడ ఉందో అక్కడే ప్లేటు మీద కాగితపు టేపు తిన్నగా అంటించండి. ఒక పొర చాలదు. దాని మీద అయిదారు పొరలు వేస్తే చిన్న గట్టులా లేస్తుంది, గుడ్డ అంచు దానికి ఆనుకుని నడుస్తుంది. గుడ్డని లాగే పళ్ళ మీద మాత్రం టేపు పడకూడదు, అక్కడి వరకు కత్తిరించేయండి. మళ్ళీ మూడు పట్టీలు కుట్టి కొలవండి. మధ్య పట్టీ సన్నగా వస్తే టేపుని వెంట్రుకంత సూది వైపు జరపండి, వెడల్పుగా వస్తే దూరం జరపండి. చాలామందికి నిఖార్సయిన పావు అంగుళం కంటే ఒక నూలుపోగు తక్కువ దగ్గర కొలత కుదురుతుంది. ఎందుకంటే అతుకుని ఒక పక్కకి మడిచినప్పుడు గుడ్డ మందం, దారం మందం ఆ మడతలో కాస్త తినేస్తాయి.

కుట్టేటప్పుడు కళ్ళు సూది మీద పెట్టకండి. ఇది నాకు అలవాటు కావడానికి చాలా కాలం పట్టింది. సూది దాని పని అది చేసుకుంటుంది. మీ చూపు ఫుట్‌కి ముందు, గుడ్డ అంచు ఆ గట్టుని తాకే చోట ఉండాలి. ముక్క చివరి అర అంగుళంలో గుడ్డ పక్కకు తప్పుకోవడం ప్రతి ఒక్కరికీ జరుగుతుంది. ఆ చివరి ముక్కని వేలితో కాకుండా గుండుసూది మొనతో నొక్కిపట్టి దాటించండి.

కత్తిరించడంలోనే తప్పు జరిగితే పావు అంగుళం కూడా ఏమీ చేయలేదు. కత్తెరతో అయితే గట్టి అట్ట ముక్కని సరిగ్గా కావలసిన కొలతకి కోసి, బాగా చెక్కిన పెన్సిలుతో చుట్టూ గీసి, గీతకి లోపలి అంచున కత్తిరించండి. గీత మందం కూడా లెక్కలోకి వస్తుంది. ఇంకా తేలిక కావాలంటే రోటరీ కట్టర్, అంటే పిజ్జా కోసే చక్రం లాంటి బ్లేడు. ఓల్ఫా సంస్థ దాన్ని 1979లో తెచ్చింది. అంతవరకు అట్ట పెట్టి ఒక్కో ముక్క గీసుకున్న వాళ్ళందరూ పట్టీలు పట్టీలుగా కోయడం మొదలుపెట్టారు. దాని కింద ప్రత్యేకమైన మ్యాట్, పైన మందపాటి పారదర్శకమైన స్కేలు ఉండాలి. స్కేలు పట్టుకున్న చేతి వేళ్ళు అంచుకి దూరంగా ఉంచి, బ్లేడుని ఎప్పుడూ మీ నుంచి దూరంగా తోయండి. చేతిలోంచి పెట్టిన ప్రతిసారీ బ్లేడు మూసేయండి, ఒక్క క్షణానికైనా సరే. ఆ బ్లేడు తగిలితే ఎముక దాకా వెళుతుంది.

గుడ్డ పడుగు, పేకల వెంట తిన్నగా కోస్తే ముక్క సాగదు. ఐమూలగా కోసిన అంచు రబ్బరులా సాగుతుంది. త్రికోణాల డిజైన్లు ఎంత ముచ్చటగా ఉన్నా మొదటి బొంతలో వద్దనేది దీనికోసమే. మీ మిగిలిన గుడ్డల్లో సాగే బనీను గుడ్డ, జారిపోయే పట్టులాంటివి ఉంటే ఏరి పక్కన పెట్టండి. పాత బట్టలైతే వెలుతురుకి ఎత్తి చూడండి, పల్చబడిన చోటు తీసేయండి. ఒకటి ఉతికిన గుడ్డ, ఒకటి ఉతకని గుడ్డ కలపకండి. కలిపితే మొదటి ఉతుకులో ఒకటి కుంచించుకుపోయి పక్కదాన్ని లాగుతుంది. ముదురు ఎరుపు, నీలం గుడ్డల్ని తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగుతోందేమో ముందే చూడండి.

రంగుల గురించి ఒక్క మాట. ఏ రంగు పక్కన ఏ రంగు అని బెంగపడకండి, లేతా ముదురా అన్నది చూడండి. గుడ్డలన్నీ పరిచి ఫోనులో నలుపు తెలుపు ఫోటో తీయండి. అందులో విడివిడిగా కనిపించినవే బొంతలోనూ విడివిడిగా కనిపిస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ కంటికి ఎంత వేరుగా ఉన్నా ఆ ఫోటోలో ఒకే బూడిద రంగు కావచ్చు. అప్పుడు డిజైన్ దూరం నుంచి కలిసిపోతుంది.

ఇప్పుడు మీ మొదటి బొంత. 18 అంగుళాల చదరం. బల్ల మీద వేసుకోవచ్చు, కుర్చీలో పరుచుకోవచ్చు. చిన్నదే కానీ కత్తిరించడం నుంచి అంచు వేయడం దాకా అన్ని దశలూ ఇందులో ఉంటాయి. మంచం బొంతలో 14వ వరుస దగ్గర ఉన్నప్పుడు మొదటి వరుసలో చేసిన తప్పు తెలిస్తే ఏం లాభం? ఇందులో శనివారం చేసిన తప్పు ఆదివారం తెలుస్తుంది.

ఒక ముదురు గుడ్డ, ఒక లేత గుడ్డ తీసుకుని 2½ అంగుళాల వెడల్పు పట్టీలు కోయండి. ముదురు, లేత, ముదురు వరుసలో మూడు పట్టీలు అతికి 28 అంగుళాల పొడవున ఒక జట్టు చేయండి. లేత, ముదురు, లేత వరుసలో 15 అంగుళాల జట్టు ఇంకొకటి. రెండూ 6½ అంగుళాల వెడల్పు రావాలి. రాకపోతే మళ్ళీ టేపు దగ్గరకు వెళ్ళండి, ముందుకు వెళ్ళకండి. ఇప్పుడు ఆ జట్లని అడ్డంగా 2½ అంగుళాలకి ఒకటి చొప్పున కోస్తే మొదటిదాంట్లోంచి 10, రెండోదాంట్లోంచి 5 ముక్కలు వస్తాయి. ఒక్కో ముక్కలో మూడు గళ్ళు అప్పటికే అతికి ఉంటాయి. మొదటి రకం రెండింటి మధ్య రెండో రకం ఒకటి పెట్టి కుడితే తొమ్మిది గళ్ళ చదరం తయారు. అలాంటివి 5 అవుతాయి. లేత గుడ్డలోంచి 6½ అంగుళాల సాదా చదరాలు 4 కోసి, చదరంగం బల్లలా ఒకటి విడిచి ఒకటి పేర్చండి, మూడు వరుసలు, వరుసకు మూడు. అన్నీ కుట్టాక పైపొర 18½ అంగుళాలు ఉంటుంది, చివరి పావు అంచు పట్టీలోకి వెళ్ళిపోతుంది.

మూలలు కలిపే కిటుకు ఈ తొమ్మిది గళ్ళలోనే నేర్చుకుంటారు. అతుకులన్నీ ముదురు గుడ్డ వైపుకే నొక్కండి. అప్పుడు పైముక్కలో అతుకు ఎడమకి, కిందముక్కలో కుడికి తిరిగి ఉంటుంది. రెండూ ఎదురెదురుగా పెట్టి బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని అటూ ఇటూ మెల్లగా జరపండి. ఒకచోట రెండు మడతలూ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఆగిపోతాయి, గడియ పడ్డట్టు. వేళ్ళ కింద గట్టు గానీ సందు గానీ తగలదు. అదే మూల. అక్కడ గుండుసూది గుచ్చి కుట్టండి. కళ్ళతో చూసి కలిపిన మూల కంటే వేళ్ళతో వెతికి కలిపిన మూలే బాగా వస్తుంది. కళ్ళు మూసుకుని ఒకసారి చేసి చూడండి.

ఇస్త్రీ అన్నానని చొక్కా రుద్దినట్టు రుద్దకండి. ఇస్త్రీ పెట్టెని గుడ్డ మీద ఆనించి నొక్కి, ఎత్తి, పక్కన పెట్టాలి. ముందు కుట్టిన కుట్టుని ఉన్నది ఉన్నట్టే నొక్కండి, దారం గుడ్డలో కూర్చుంటుంది. ఆ తర్వాత విప్పి ముదురు వైపుకి నొక్కండి. ప్రతి అతుకు తర్వాతా ఈ పని చేయాలి, విసుగనిపించినా సరే. చాలా క్విల్టులు చెడేది మిషన్ దగ్గర కాదు, ఇస్త్రీ బల్ల దగ్గర.

ముక్కలు అతకడానికి 80/12 సూది, కుట్టు పొడవు 2 నుంచి 2½ మిల్లీమీటర్లు, పైనా కిందా 50 నంబరు నూలు దారం పెట్టండి. దారంలో నంబరు పెరిగిన కొద్దీ సన్నం. కింద దారం ఉండలు ఉండలుగా పడితే అందరూ బాబిన్ కేస్ (కింది దారం కండె ఉండే డబ్బీ) మీద పడతారు. నూటికి తొంభైసార్లు తప్పు పైదారానిది. ఫుట్ దించి దారం ఎక్కిస్తే దారాన్ని బిగించే టెన్షన్ బిళ్ళల మధ్యలోకి దిగదు. ఫుట్ ఎత్తి, మొత్తం తీసేసి మళ్ళీ ఎక్కించండి.

ఇక ముడతల సంగతి. మిషన్ పళ్ళు కింది గుడ్డని వెనక్కి లాగుతాయి. ఫుట్ పైగుడ్డని అదిమి ఆపుతుంది. ఒక్క గుడ్డ కుట్టినప్పుడు ఇది తెలియదు. మూడు పొరలు పెట్టేసరికి కింది పొర ఒక వేగంతో, పై పొర ఇంకో వేగంతో కదులుతాయి, మధ్యలో దూది జారుతుంది. ఎదురుగా ఉన్న కుట్టు దగ్గరికి వచ్చేసరికి మిగిలిపోయిన గుడ్డ మడత పడిపోతుంది. మందు రెండు చోట్ల వేయాలి, కూర్చడంలోనూ కుట్టడంలోనూ.

కూర్చేటప్పుడు అడుగు గుడ్డని 22 అంగుళాలకి కోసి, తిరగేసి, నున్నని బల్ల మీద పరిచి నాలుగు వైపులా టేపు వేయండి. బిగువుగా ఉండాలి, సాగదీసినట్టు ఉండకూడదు. చిటికెన వేలితో నిమిరితే ఎక్కడా అల లేవకూడదు. దాని మీద అదే కొలత దూది పొర. ప్యాకెట్ మీద బ్యాటింగ్ అని గానీ వాడింగ్ అని గానీ రాసి ఉంటుంది. దాన్ని విప్పి ఒక రాత్రి అలా వదిలేస్తే మడతలు పోతాయి. పైన మీ 18½ అంగుళాల పైపొర, మధ్య నుంచి అంచులకి అరచేత్తో నిమురుతూ పరచండి. ఇప్పుడు పిన్నీసులు. పిడికిలి ఎక్కడ పెట్టినా ఒక పిన్నీసు తగలాలి, అంటే 3, 4 అంగుళాలకి ఒకటి. చేత్తో పొడుగు టాకాలు వేసినా సరే. ఈ చిన్న బొంతకే పాతిక పైగా పడతాయి. మీ నాలుగు వరుసలకి ఎన్ని పెట్టారో మీరు రాయలేదు, సగం కూడా పెట్టి ఉండరని నా అనుమానం.

దూది పొర ప్యాకెట్ మీద ఇంకో మాట ఉంటుంది, రెండు కుట్ల మధ్య ఎంత దూరం మించకూడదో. దాన్ని తప్పక చదవండి. నేను కొత్తలో ఆ మాట చదవకుండా 10 అంగుళాల ఎడంలో నాలుగు గీతలు కుట్టి అయిందనిపించాను. పరిచినప్పుడు చాలా బాగుంది. మూడో ఉతుకుకి లోపల దూదంతా ఒక మూలకి చేరి గడ్డ కట్టింది, మిగతా చోట రెండు గుడ్డలే మిగిలాయి. దాన్ని బాగుచేయడానికి దారి లేదు, విప్పేయాల్సి వచ్చింది. క్విల్టింగ్ కుట్టు అలంకారం కోసం కాదు, దూదిని దాని చోట కట్టి ఉంచడానికి అని నాకు ఆ రోజు అర్థమైంది. మీకు ఏ సందేహం వచ్చినా 3, 4 అంగుళాలకి ఒక కుట్టు వేసుకోండి, చాలా రకాల దూది పొరలకి అది సరిపోతుంది.

కుట్టడానికి వాకింగ్ ఫుట్ పెట్టుకోండి. దానికి కూడా పళ్ళుంటాయి, పైపొరని కింది పొరతో సమానంగా నడిపిస్తుంది. మీ మిషన్ షాంకు (ఫుట్ బిగించే కడ్డీ) పొట్టిదో పొడుగుదో చూసుకుని దానికి తగ్గది తీసుకోవాలి. దొరక్కపోతే ఫుట్ ఒత్తిడి మర వదులు చేసి, పిన్నీసులు ఇంకా దగ్గరగా పెట్టి, మెల్లగా కుట్టినా ఈ పరిమాణంలో బాగానే వస్తుంది. సూది 90/14కి మార్చండి, కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు చేయండి. ముందు ఒకే ఒక్క కుట్టు వేసి, పైదారం చివర పట్టుకుని లాగితే బాబిన్ దారం పైకి వస్తుంది. రెండు దారాలూ వెనక్కి పట్టుకుని మొదలుపెడితే అడుగున గూడు కట్టదు.

మధ్య అతుకు నుంచి మొదలుపెట్టి అంచులకి వెళ్ళండి. ముందు చదరాల మధ్య పొడుగు అతుకుల పక్కనే, మార్జిన్ లేని వైపు, ఒక్కో కుట్టు వేయండి. ఆ పై అడ్డం అతుకులు. ఇంతటితో బొంత స్థిరపడుతుంది. తర్వాత మధ్యలో గళ్ళ వెంట మిగతా గీతలు. ఒక వైపు సమాంతరంగా వెళ్ళే గీతలన్నీ ఒకే దిక్కు నుంచి కుట్టండి. ఒకటి పైనుంచి, ఒకటి కింది నుంచి కుడితే వాటి మధ్య గుడ్డ ఐమూలగా మెలిపడుతుంది. బరువు ఎప్పుడూ బల్ల మీదే ఉండాలి. బొంత ఒడిలోకి వేలాడితే అది సూదిని లాగుతుంది, కుట్లు చిన్నవీ పెద్దవీ అవుతాయి. పిన్నీసు దగ్గరికి రాగానే ఆగి తీసేయండి, దాని మీదుగా కుట్టకండి.

పళ్ళకి బదులు చేతులతో బొంతని తిప్పుతూ తీగలు, ఆకులు వేసే ఫ్రీ మోషన్ పని మీకు బాగా నచ్చుతుందని నాకు తెలుసు, అందరికీ నచ్చుతుంది. ఈ బొంతలో వద్దు. దానికి పళ్ళు దించాలి లేదా ప్లేటుతో కప్పాలి, డార్నింగ్ ఫుట్ (గుడ్డని స్వేచ్ఛగా కదలనిచ్చే పాదం) కావాలి, కాలి వేగం, చేతి వేగం కలవాలి. మిగిలిన ముక్కలతో 10 అంగుళాల మూడు పొరల చదరాలు నాలుగైదు చేసి పెట్టుకుని రోజూ ఒక పావుగంట వాటి మీద వేయండి. అంతకుముందు అదే డిజైన్‌ని కాగితం మీద పెన్సిలు ఎత్తకుండా గీయండి. కాగితం మీద చేయి ఎక్కడ తడబడిందో గుడ్డ మీద అక్కడే తడబడుతుంది.

అంచు పట్టీ. మీరు గలీబులు కుట్టారు కాబట్టి ఇది త్వరగానే వస్తుంది. బొంత నాలుగు వైపులా తిన్నగా కోసుకుని, 2½ అంగుళాల వెడల్పు పట్టీలు అతికి 84 అంగుళాల పొడవు చేయండి. నాలుగు వైపులూ కలిపి 74, మూలలకీ చివరి అతుకుకీ 10. అంచులు తిన్నగా ఉన్నప్పుడు ఐమూల పట్టీ అక్కర్లేదు, అది వంపులకి. పట్టీని పొడవునా సగానికి మడిచి, విడి అంచులు బొంత అంచుతో కలిపి ముందువైపు నుంచి కుట్టండి. మొదట ఒక జానెడు పట్టీ కుట్టకుండా వదలండి, చివర్లో అతకడానికి. మూల ఇంకా పావు అంగుళం ఉందనగా ఆగి, రెండు కుట్లు వెనక్కి వేసి దారం తెంపండి. పట్టీని నిటారుగా పైకి మడవండి, మూలలో ఐమూల మడత పడుతుంది. దాన్ని అలాగే వేలితో పట్టుకుని పట్టీని మళ్ళీ కిందికి, తర్వాతి అంచు వెంట దించండి. పై మడత బొంత అంచుతో సమానంగా ఉండాలి. ఆ అంచు నుంచే కుట్టు మొదలు. తిరగేసి చూస్తే మూల కవరు మడతలా పడుతుంది. వెనకవైపు చేత్తో కుట్టండి. ఆ పని అత్తయ్యగారిని అడగండి, చేతికుట్టు తెలిసినవాళ్ళు వేసిన అంచు మిషన్ అంచు కంటే చక్కగా ఉంటుంది.

ఇప్పుడు మీ 14 వరుసలు. ముడతలు పడ్డ నాలుగు వరుసల క్విల్టింగ్ కుట్టు విప్పేయండి. కుట్టు విప్పే పనిముట్టుతో ఒక వైపు మూడు నాలుగు కుట్లకి ఒకటి కోసుకుంటూ వెళ్ళి, తిరగేసి రెండో వైపు దారం లాగితే మొత్తం పొడవునా ఊడి వస్తుంది, గుడ్డ చిరగదు. వరుసల్ని విడదీసి, ఒక్కో వరుసకీ ఇస్త్రీ చేసి, మధ్యలో కొలిచి చీటీ గుచ్చండి. ఏ రెండింటి మధ్యనైనా తేడా అర అంగుళం లోపే ఉంటే ఏమీ చేయక్కర్లేదు. అంతకు మించితే పొడుగు వరుసల చివరి గడి కాస్త కోసి అన్నిటిలోకీ పొట్టి వరుస కొలతకి తెచ్చుకోండి. అటు పిమ్మట వరుసకీ వరుసకీ మధ్య ఒకే రంగు సాదా గుడ్డ పట్టీ, 2½ అంగుళాల వెడల్పుది, ఆ పొట్టి వరుస పొడవుకే కోసి పెట్టండి. ప్రతి వరుసనీ పట్టీకి ఆనించి రెండు చివర్లా, మధ్యలో, ఆ మధ్యల మధ్య గుండుసూదులు గుచ్చి సర్ది కుట్టండి. పొడుగ్గా ఉన్నదాన్ని పళ్ళ వైపు, కింద పెడితే మిషనే ఆ కాస్తా సర్దేస్తుంది. అడ్డంగా పట్టీ వచ్చాక ఒక వరుస మూల ఇంకో వరుస మూలతో కలవాల్సిన అవసరమే ఉండదు. చూసినవాళ్ళు మొదటి నుంచీ అదే డిజైన్ అనుకుంటారు.

అయితే ఇది 18 అంగుళాల బొంత అంచు కుట్టాకనే. మంచం బొంతని ఒకేసారి ఆ సందులోంచి పంపడం కష్టంగా అనిపిస్తే, వరుసలని మూడు నాలుగు భాగాలుగా అతికి ఒక్కో భాగాన్ని విడిగా దూది పొరతో కుట్టుకుని చివర్లో కలపవచ్చు. దానికి ముందు మిషన్ ప్లేటు విప్పి, బాబిన్ చుట్టూ పేరుకున్న దూది నూగు బ్రష్‌తో తీయండి, నోటితో ఊదకండి, తడి లోపలికి పోతుంది. సూది కూడా మార్చండి. ఎనిమిది గంటలు కుట్టిన సూది చూడటానికి బాగానే ఉన్నా మొన అరిగి ఉంటుంది.